ఎర్రనేలలో చిక్కుడు, బీన్స్‌కి ఆకుల కప్పు: ఎప్పుడు, ఎంత, ఎలా వేయాలి

తెలంగాణ చల్కాల్లోనూ (ఇసుక కలిసిన ఎర్రనేలలు) రాయలసీమ ఎర్రనేలల్లోనూ చిక్కుడు, గోరుచిక్కుడు, అలసంద, ఫ్రెంచి బీన్స్ వేసేవాళ్లకు ఈ నేల తీరు బాగా తెలుసు. వాన పడ్డ రోజు ముద్దగా ఉంటుంది. రెండు రోజులు ఎండ కాస్తే పైన గట్టి పొర కడుతుంది. వారం తిరిగేసరికి పార దిగదు. అడుగున ఇంకా కాస్త తడి ఉన్నా మొక్క మధ్యాహ్నానికే వాడిపోతుంది. ఆ తర్వాత పూత రాలుతుంది.

ఈ నేలల్లో సేంద్రియ కర్బనం చాలా తక్కువ. మీ భూసార పరీక్ష కార్డు తీసి చూడండి, 0.5 శాతం లోపు ఉంటే ‘తక్కువ’ అని రాసి ఉంటుంది. మట్టి రేణువుల్ని పట్టి ఉంచే జిగురు లేనప్పుడు వాన చినుకు దెబ్బకి మట్టి గడ్డలు చితికిపోతాయి. ఆ సన్నని బంకమట్టి పైపై రంధ్రాల్లో చేరి మూసేస్తుంది. అందుకే తర్వాతి వాన నేలలోకి ఇంకకుండా పైమట్టిని తీసుకుని పారిపోతుంది. ఇక ఎండాకాలంలో మధ్యాహ్నం బోడి నేల పైభాగం 50 డిగ్రీలు దాటుతుంది. చిక్కుడు జాతి మొక్కల వేరు బుడిపెలు ఎక్కువగా పై జానెడు మట్టిలోనే ఉంటాయి. నత్రజని పట్టిచ్చే బాక్టీరియా ఉండేది వాటిలోనే. ఆ మట్టి 35 డిగ్రీలు మించి కాగితే అవి సరిగ్గా పనిచేయవు.

నేల మీద ఆకు, గడ్డి పరిచి చినుకు దెబ్బనీ ఎండ దెబ్బనీ ఆపడమే ఇక్కడ మనం చేసే పని. ప్రకృతి సేద్యం చేసేవాళ్లు దీన్ని ఆచ్ఛాదన అంటారు, వ్యవసాయ అధికారులు మల్చింగ్ అంటారు. నేను కప్పు అనే రాస్తాను. ఏదో ఒకటి పరిస్తే చాలు అనుకుని నిరాశపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. ఏ ఆకు అడుగున వేయాలి, ఏ గడ్డి పైన వేయాలి, నేల ఏ పదునులో ఉండాలి, మొక్క ఎంత ఎత్తు ఉండాలి అన్నవి కుదిరితేనే ఫలితం వస్తుంది. వరసగా చెబుతాను.

1. ముందు మీ చుట్టూ ఏం దొరుకుతుందో చూసుకోండి

కప్పుకి పనికొచ్చేవి రెండు రకాలు. మొదటిది త్వరగా కుళ్లే పచ్చిరొట్ట: గ్లైరిసీడియా, కానుగ కొమ్మలు, జనుము, జీలుగ, పిల్లిపెసర, అవిశ ఆకు. రెండోది నిదానంగా కుళ్లే గట్టి సరుకు: వరిగడ్డి, చెరకు ఆకు, మొక్కజొన్న కట్టె ముక్కలు, వేరుశనగ పొట్టు, ఎండిన కొబ్బరాకు, టేకు ఆకు.

తేడా అంతా కర్బనం, నత్రజని పాళ్లలో ఉంది. గ్లైరిసీడియా ఆకులో ఒక పాలు నత్రజనికి సుమారు 15 పాళ్లు కర్బనం ఉంటుంది. వరిగడ్డిలో అది 60 పైనే, చెరకు ఆకులో 100 చుట్టుపక్కల. మొదటి రకం కొద్ది వారాల్లో కరిగి మొక్కకి తిండి అవుతుంది, కానీ అంతలోనే నేల మళ్లీ బోడి అవుతుంది. రెండో రకం పంటకాలమంతా నీడనిస్తుంది, కానీ తిండి పెట్టదు. అందుకే పచ్చిరొట్ట అడుగున పలచగా, గట్టి గడ్డి పైన మందంగా, రెండు పొరలుగా వేయమంటాను. ఒక్కటే దొరికితే ఒక్కటే వేయండి, అసలు వేయకపోవడం కంటే మేలే. కానీ రెండూ కుదిరితే తేడా పూత దశలో మీకే కనిపిస్తుంది.

పశువులున్న ఇంట్లో వరిగడ్డి, జొన్న చొప్ప తీసి పొలంలో పరచమని నేను చెప్పను. వాటి నోటి దగ్గరిది లాక్కోవద్దు. దాణాకి పనికిరాని తడిసిన గడ్డి, వాముల అడుగున మిగిలే చెత్త, మొక్కజొన్న కోశాక కాల్చేసే కట్టె, చెరకు నరికాక నిప్పుపెట్టే ఆకు వాడండి. ఒక్క అగ్గిపుల్లతో బూడిద చేసే ఆ సరుకు పక్క పొలంలో చిక్కుడుకి ఒక పంటకాలం సరిపోతుంది. అది కాలుతుంటే చూడటం నాకు నిజంగా బాధ.

పనికిరానివీ ఉన్నాయి. గింజ కట్టిన వయ్యారిభామ వద్దే వద్దు, పూతకు రాకముందు కోసింది అయితే ఫర్వాలేదు. వేర్లతో పీకిన గరిక, తుంగ తెచ్చి పరిస్తే వాటినే సాగుచేసినట్టు. యూకలిప్టస్ ఆకు మొలకని అణచివేస్తుంది. పత్తి కట్టెకి విచ్చుకోని కాయలు ఉంటే వాటిలో గులాబీ రంగు పురుగు దాగి ఉంటుంది, దాన్ని చేలోకి తేవద్దు. మొదలు కుళ్లు వచ్చిన చేను నుంచి వేరుశనగ కట్టె, పొట్టు తెచ్చుకోకండి. ఆ శిలీంధ్రం చిక్కుడునీ పట్టుకుంటుంది. కిందటి పంట బీన్స్ తీగలకి మచ్చ తెగులు ఉంటే అవి కూడా వద్దు.

బయట కొన్న గడ్డి అయితే ఇంకో పరీక్ష చేయండి. వరికి, మొక్కజొన్నకి కలుపు మందులు కొడతారు. వాటిలో కొన్నింటికి చిక్కుడు జాతి మొక్కలు చాలా సులువుగా దెబ్బతింటాయి. రెండు కుండీల్లో మట్టి నింపి నాలుగేసి చిక్కుడు గింజలు వేయండి. ఒకదాని మీద ఆ గడ్డి పరిచి పైనుంచి నీళ్లు పోయండి, రెండోది ఉత్తగా ఉంచండి. రెండు మూడు వారాల్లో గడ్డి ఉన్న కుండీలో ఆకులు ముడుచుకుని, కాడలు మెలి తిరిగితే ఆ గడ్డిని పొలంలోకి రానివ్వకండి.

2. ఎంత కావాలో లెక్క వేసుకోండి

చాలామంది తప్పేది ఇక్కడే. పలచగా చల్లిన గడ్డి కలుపునీ ఆపదు, తడినీ ఆపదు. ఎకరా మొత్తం కప్పాలంటే ఎండు సరుకు సుమారు 2 టన్నులు కావాలి. అంటే సెంటుకి 20 కిలోలు. వదులుగా పరిచినప్పుడు మూడు అంగుళాల మందం వస్తుంది, ఒకటి రెండు వానలకి అది అణిగిపోతుంది. పచ్చిరొట్ట అయితే బరువులో నాలుగింట మూడు వంతుల పైన నీరే. కాబట్టి పచ్చిరొట్టతోనే కప్పాలంటే సెంటుకి 80 నుంచి 100 కిలోలు కోయాలి.

అంత సరుకు లేకపోతే పొలమంతా పలచగా చల్లకండి. సాలుకి అటూ ఇటూ జానెడు వెడల్పు మందంగా కప్పండి, సాళ్ల మధ్య నడిచే దారి వదిలేయండి. తక్కువ సరుకుతోనే పని అవుతుంది. పందిరి చిక్కుడుకి మొదలు చుట్టూ మీటరు దూరం దాకా పరిస్తే చాలు, ఒక్కో పాదుకి కిలోన్నర ఎండు గడ్డి సరిపోతుంది.

మొదటిసారి చేస్తున్నట్టయితే పొలంలో ఒక మూలే చేయండి. పక్కనే రెండు సాళ్లు కప్పు లేకుండా వదిలేయండి. ఎవరి మాటా నమ్మనక్కర్లేకుండా ఆ రెండు సాళ్లే మీకు చెబుతాయి.

3. విత్తే ముందు నేల సిద్ధం చేసుకోండి

కప్పు వేశాక మట్టిలో చేయి పెట్టడం కష్టం. అందువల్ల అడుగున చేయాల్సిన పనులన్నీ ముందే కానివ్వండి. చివికిన పశువుల ఎరువు దున్నినప్పుడే వేయండి. భాస్వరం ఎర్రనేలలో ఇనుముతో కలిసి బిగుసుకుపోతుంది, కదలదు. సూపర్ ఫాస్ఫేట్ వేసేవాళ్లు పైన చల్లకుండా విత్తే సాలులోనే, గింజకి కాస్త పక్కగా, కాస్త లోతుగా పడేలా వేయాలి. తుంగ, గరిక ఉంటే గడ్డలతో సహా ఏరేయండి. తుంగ మొన ఎంత మందం కప్పునైనా పొడుచుకుని పైకి వస్తుంది. డ్రిప్ ఉంటే పైపులు ముందు పరిచి, ప్రతి రంధ్రం నుంచి నీళ్లు వస్తున్నాయో లేదో చూసుకుని, ఆ తర్వాతే కప్పాలి.

విత్తనానికి రైజోబియం (వేరు బుడిపెల్లో ఉండే ఆ బాక్టీరియా పొడి) పట్టించండి. చల్లారిన బెల్లం పాకంలో కలిపి, గింజలకి పూసి, నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తాలి. అలసంద, చిక్కుడు మన నేలల్లోని బాక్టీరియాతో సులువుగా బుడిపెలు కడతాయి. ఫ్రెంచి బీన్స్, రాజ్మా అలా కాదు. వాటికి బుడిపెలు తక్కువ, అందుకే నత్రజని బయటినుంచి ఎక్కువ కావాలి. పచ్చిరొట్ట కొంచెమే దొరికితే దాన్ని ముందు బీన్స్ సాళ్లకే ఇవ్వండి.

పొట్టి రకం చిక్కుడు, గోరుచిక్కుడుకి సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు, ఫ్రెంచి బీన్స్‌కి 45 సెంటీమీటర్లు ఉండేలా విత్తితే కప్పు వేయడానికి చేయి ఆడుతుంది.

4. మొలక వచ్చేదాకా సాలు మీద గడ్డి వద్దు

చిక్కుడు, అలసంద, బీన్స్ మొలకెత్తేటప్పుడు గింజ పప్పులనే మట్టిలోంచి పైకి లాక్కొస్తాయి. మెడ వంచి మట్టిని తోసుకుంటూ వస్తాయి. పైన పొర కట్టినా, మూడు అంగుళాల గడ్డి ఉన్నా ఆ మెడ విరిగిపోతుంది, లేదా వెలుతురు కోసం సాగి సాగి బలహీనపడుతుంది.

అందుకని గింజని 3 నుంచి 4 సెంటీమీటర్ల లోతులో వేసి, ఆ గీత మీద మాత్రం వేళ్ల మధ్యనుంచి రాల్చినట్టు పలచగా వేరుశనగ పొట్టు గానీ చివికిన ఎరువు గానీ చల్లండి. ఒక సెంటీమీటరు చాలు. చినుకు దెబ్బ ఆగుతుంది, పొర కట్టదు, మొలక హాయిగా వస్తుంది. సాళ్ల మధ్య ఖాళీలో కావాలంటే అప్పుడే గడ్డి పరుచుకోవచ్చు.

5. కప్పు వేసే రోజు

మొక్కకి గింజ పప్పుల తర్వాత రెండు మూడు నిజమైన ఆకులు వచ్చి, జానెడు ఎత్తు అయ్యాక అసలు కప్పు వేయాలి. సాధారణంగా విత్తిన రెండు మూడు వారాలకు ఆ సమయం వస్తుంది. దానికి ముందు ఒకసారి దంతె తోలించి లేదా కొడవలితో గీసి కలుపు తీసేయండి. పైపొర కూడా పగులుతుంది.

నేల పదునులో ఉన్నప్పుడే కప్పండి. ఎండిన నేలని కప్పితే ఎండినట్టే ఉంటుంది. ఆ తర్వాత పడే చిన్న జల్లుల్ని గడ్డే తాగేస్తుంది, తేలికపాటి తుంపర మందం కప్పు దాటి మట్టిని చేరదు. మంచి వాన పడ్డ మర్నాడో, నీళ్లు బాగా కట్టిన మర్నాడో, మట్టి చేతికి అంటకుండా ఉండలా అయ్యే పదునులో మొదలుపెట్టండి.

ముందు పచ్చిరొట్ట. గ్లైరిసీడియా కొమ్మల నుంచి ఆకు దూసి, లేత కాడలు ముక్కలు చేసి మొక్కకి నాలుగు వేళ్ల దూరం వదిలి పరవండి. నేల అక్కడక్కడా కనిపించేంత పలచగా ఉన్నా చాలు. ఒక టన్ను పచ్చి ఆకులో ఎండు పదార్థం 200 కిలోల పైచిలుకు ఉంటుంది, అందులో నత్రజని సుమారు 6 కిలోలు. పైపైన ఆరిపోతే కొంత నత్రజని గాలిలో కలిసిపోతుంది. కాబట్టి పచ్చిరొట్ట పరిచిన పూటే దాని మీద ఎండు గడ్డి పడాలి. ఈరోజు ఆకు వేసి, గడ్డి వచ్చేవారం వేద్దామనుకుంటే సగం కష్టం వృథా.

ఆపైన గట్టి గడ్డి మూడు అంగుళాలు. పొడుగ్గా ఉంటే మూర ముక్కలుగా నరకండి. మొదలు చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ కచ్చితంగా వదలాలి. గడ్డి కాండానికి ఒరుసుకుని ఎప్పుడూ తడిగా ఉంటే మొదలు కుళ్లు వస్తుంది. గాలి ఎక్కువ ఉన్న చోట పైన కందికట్టె అడ్డంగా పడేస్తే గడ్డి లేచిపోదు. ఇంటి దగ్గర పెరడు అయితే కోళ్ల కోసం కంపో వలో అడ్డుపెట్టక తప్పదు, గంటలో అంతా కెలికేస్తాయి.

పొలం గట్టు పక్కన, దారి పక్కన మీటరు మేర కప్పు వేయకుండా వదలండి. వేసవిలో ఒక బీడీ ముక్క చాలు, ఎండు గడ్డి అంటుకోవడానికి.

6. నీళ్లు, పైఎరువులు

కప్పు వేశాక పాత అలవాటు ప్రకారం నీళ్లు పెట్టకండి. గడ్డి పక్కకి తోసి, రెండు అంగుళాల లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కి చూడండి. ఉండ అయితే ఆగండి, రాలిపోతే నీళ్లివ్వండి. రెండు తడుల మధ్య వ్యవధి పెరుగుతుంది. వర్షాధారంగా వేసినవాళ్లకి పూత దశలో వచ్చే బెట్టలో అసలు మేలు కనిపిస్తుంది. కప్పు లేని సాలులో పూత రాలుతుంటే, కప్పు ఉన్న సాలు ఇంకొన్ని రోజులు తట్టుకుంటుంది.

యూరియా గడ్డి మీద చల్లవద్దు. గాలికి పోయేది పోగా మిగిలింది గడ్డి కుళ్లడానికే ఖర్చవుతుంది. అవసరమైతే గడ్డి జరిపి మట్టిలో వేయండి, లేదా డ్రిప్‌లో ఇవ్వండి. జీవామృతం (పేడ, మూత్రం, బెల్లం, పిండి కలిపి పులియబెట్టిన ద్రవం) వాడేవాళ్లు తడిగా ఉన్న కప్పు మీదే పోయవచ్చు.

గడ్డి వేస్తే మొక్క పసుపుపచ్చగా మారుతుందని భయపడతారు. గడ్డిని మట్టిలో కలిపి దున్నితే ఆ భయం నిజమే, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటాయి. పైన ఉత్తగా పరిచినప్పుడు ఆ లాగుడు గడ్డి మట్టిని తాకే పలచని పొరకే పరిమితం. బుడిపెలు పనిచేయని మొదటి రెండు మూడు వారాలు మొక్క కాస్త వెలవెలబోతే అడుగున వేసిన పచ్చిరొట్ట దాన్ని నిలబెడుతుంది.

పూతకి ముందు ఒక మొక్కని వేళ్లు తెగకుండా తవ్వి తీయండి. బుడిపె ఒకటి గోటితో చీరి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే నత్రజని పడుతోంది. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే పనిచేయడం లేదు. కప్పు లేని సాలులోంచి కూడా ఒకటి తీసి పక్కన పెట్టుకోండి.

7. తెగుళ్లు, చెదలు, తేళ్లు

బీన్స్‌లో ఆకుమచ్చ, కాయమచ్చ తెగుళ్లు చాలావరకు మట్టి చింది పైకెక్కుతాయి. కప్పు ఉంటే చినుకు మట్టిని తాకదు, ఆ చిందడం ఆగిపోతుంది. మధ్య అమెరికాలో కోస్టారికా రైతులు తరతరాలుగా చేసేది ఇదే. పెరిగిన తుప్పల్లో బీన్స్ గింజలు చల్లి, ఆ తుప్పల్నే నరికి పైన పడేస్తారు, దున్నడమే ఉండదు. అంత వానల దేశంలో ఆకుల్ని తడి బూజులా అల్లుకుపోయే తెగులు ఆ కప్పు వల్ల బాగా తగ్గుతుంది. వాళ్ల తుప్పలు మెత్తగా ఉంటాయి, ఆ బీన్స్ వాటిలోంచి దూసుకొస్తాయి. మన పొరకట్టే నేలలో గింజల మీద అంత మందం పడేస్తే మొలక రాదు, కాబట్టి వాళ్ల నుంచి తీసుకోవాల్సింది కప్పునే తప్ప విత్తే పద్ధతిని కాదు.

ఎర్రనేలలో చెదలు ఎండు గడ్డిని వెతుక్కుంటూ వస్తాయి. చాలావరకు అవి గడ్డిని తిని ఊరుకుంటాయి. మొక్క మొదట్లో మట్టి గూళ్లు కడుతుంటేనే కంగారుపడాలి. విత్తేటప్పుడు సాలులో వేపపిండి వేసి ఉంచితే ఆ బెడద తగ్గుతుంది. వానలు ఎడతెగకపోతే నత్తలు, రోకలిబండలు కప్పు కింద చేరి లేత మొలకల్ని కొరుకుతాయి. అప్పుడు రెండు రోజులు గడ్డిని వెనక్కి లాగి ఎండ తగలనివ్వండి.

తేళ్లు, పాములు కూడా ఆ చల్లదనానికి వస్తాయి. కాయలు కోసేటప్పుడు గడ్డిలోకి ఉత్త చేయి పెట్టకండి. ముందు కర్రతో కదపండి, పిల్లల్ని పంపేటప్పుడు చెప్పులు వేయించి పంపండి.

8. నల్లరేగడి, కొండవాలు వేరు

నల్లరేగడిలో వానాకాలం కప్పు వేస్తే మేలు కంటే కీడే ఎక్కువ. ఆ నేల ముందే నీటిని పట్టి ఉంచుతుంది, చిక్కుడు జాతి వేళ్లు నీట మునిగితే ఓర్చుకోలేవు. అక్కడ బోదెల మీద విత్తండి, వానలు తగ్గి నేల పగుళ్లు తీయబోయే ముందు కప్పండి. పగుళ్లు రాకుండా ఆపితే యాసంగి పంటకి అడుగు తడి మిగులుతుంది.

అరకు, చింతపల్లి వైపు కొండవాళ్లు వానలు తగ్గుముఖం పట్టాక రాజ్మా వేస్తారు. అక్కడి వాలు నేలల్లో ఆకుని చేనంతా పలచగా చల్లడం కన్నా, వాలుకి అడ్డంగా వరసలు వరసలుగా మందంగా పేర్చడం మంచిది. ఒక్కో వరస చిన్న కట్టలా పనిచేసి మట్టిని పట్టుకుంటుంది. అడవి ఆకు ఎత్తుకొచ్చే ముందు మీ గట్ల మీద చెట్లు పెంచుకోండి. అడవి నేలకీ ఆ ఆకు అవసరమే.

9. పంట అయ్యాక

చివరి కోత తర్వాత మొక్కల్ని పీకకండి. నేలమట్టానికి కోసి, తెగులు లేని తీగల్ని అక్కడే పడేయండి. వేళ్లు లోపలే కుళ్లి గొట్టాల్లా దారులు వదులుతాయి, తర్వాతి వాన వాటిలోంచే దిగుతుంది. మిగిలిన కప్పుని రోహిణి కార్తె ఎండలకి అలాగే ఉంచండి. ఆ రోజుల్లో నేల బోడిగా ఉంటే ఏడాది కష్టమంతా కాలిపోతుంది. మృగశిర వానలకి గడ్డి పక్కకి లాగి, సాలు వరకే గీసి మళ్లీ విత్తుకోవచ్చు.

కర్బనం ఒక్క పంటతో పెరగదు, కార్డు మీద అంకె కదలాలంటే ఏళ్లు పడుతుంది. కానీ మట్టి మెత్తబడటం, వానపాములు రావడం మొదటి ఏడే చూస్తారు.

వచ్చే ఏటికి ఆకు ఎక్కడిది అన్నదే మిగిలిన ప్రశ్న. ఈ వానాకాలమే గట్ల మీద గ్లైరిసీడియా నాటండి. బొటనవేలి కన్నా లావైన, మీటరు పొడవు కొమ్మల్ని ఏటవాలుగా నరికి, అర మీటరుకి ఒకటి చొప్పున జానెడున్నర లోతు గుచ్చి చుట్టూ మట్టి తొక్కండి. పశువులు దీన్ని అంతగా ముట్టవు, మేకల నుంచి మాత్రం మొదటి ఏడు కాపాడుకోవాలి. రెండో ఏట నడుమెత్తున నరకడం మొదలుపెట్టవచ్చు, ఆ తర్వాత ఏడాదికి రెండు మూడు కోతలు వస్తాయి. మొదటి కోత మీ చిక్కుడు జానెడు ఎత్తుకొచ్చే వారానికి అందేలా చూసుకోండి.